సోమవారం జ్వరం

అబద్ధపు జ్వరం తెచ్చుకోవాలంటే ముందు నెలజీతం ఉండాలి. ఈ చిన్న సంగతి తెలియకనే, ఉద్యోగులు దొంగ సిక్ లీవులు పెట్టి దేశాన్ని ముంచేస్తున్నారని పెద్దమనుషులు పత్రికల్లో వాపోతుంటారు. వాళ్లను ఒక్కసారి మరమగ్గాలు నడిచే మా సోలాపూర్ పూర్వభాగ్‌కు రమ్మనండి. సాఖర్ పేట, కన్నా చౌక్, దత్తనగర్, అక్కల్‌కోట్ రోడ్డు షెడ్లు అన్నీ గాలించినా జ్వరం నటించే మనిషి ఒక్కడు దొరకడు. ఆరోగ్యం నటించేవాళ్లు మాత్రం గల్లీకి పాతికమంది దొరుకుతారు.

పొద్దున పాళి మారే వేళ ఏ కార్ఖానా గేటు దగ్గరైనా నిలబడి చూడండి. దగ్గాల్సినంతా గేటు బయటే దగ్గేసి, గొంతు సవరించుకుని, తువ్వాలతో మొహం తుడుచుకుని, "రామ్ రామ్ శేట్" అని నవ్వుతూ లోపలికి పోతాడు మనవాడు. 102 జ్వరంలో నవ్విన నవ్వది. నాటక సమాజాలవాళ్లు చూస్తే అక్కడికక్కడే వేషం ఇచ్చేస్తారు. శేట్ కూడా తక్కువ నటుడేం కాదు. ఎర్రబడ్డ కళ్లు కనబడుతూనే ఉంటాయి.

"ఏమయ్యా, రాత్రి నిద్రపోలేదా?"

"దోమలు శేట్."

దోమల విషయంలో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదురుతుంది. సాంచె, అంటే మరమగ్గం, మొదలవుతుంది. ఆ మోతలో ఇక దగ్గినా వినబడదు. కనుబొమ్మల మీద దూది పేరుకున్నాక కళ్లు ఎర్రగా ఉన్నాయో లేదో కూడా తెలియదు.

ఎందుకింత నాటకమంటే, ఇక్కడి కూలి పీసు లెక్క. చద్దరుకు ఇంత, టవల్ డజనుకు ఇంత. సోలాపూర్ చద్దరుకు దేశమంతా పేరుంది, భౌగోళిక గుర్తింపు ఉంది. నేసేవాడు మంచాన పడితే అతనికి ఉండేది పుస్తకంలో ఖాడా, అంటే నాగా గుర్తు, ఒక్కటే. పైగా ఆ రోజు సాంచె ఖాళీగా ఉండదు, బద్లీ వచ్చి నిలబడతాడు. బద్లీ చెడ్డవాడేం కాదు. మన గల్లీవాడే, వెతికితే మేనమామ కొడుకే అవుతాడు. కానీ అతనికీ పిల్లలున్నారు కాబట్టి రెండోరోజు కూడా వస్తాడు. మూడోరోజు జ్వరం తగ్గి వెళ్లినవాడు పని పంచే ముకాదం మొహం చూస్తూ గేటు దగ్గర నిలబడాలి. ఇక అడ్వాన్సు బాకీ ఉన్నవాడి సంగతి చెప్పనే అక్కర్లేదు. బిడ్డ పెళ్లికని తీసుకున్న డబ్బు వారం వారం కూలిలో కోత పడాలి. కోత పడాలంటే కూలి ఉండాలి. అంటే బాకీ ఉన్నవాడి జ్వరం పూర్తిగా వాడి సొంతం కాదు, అందులో శేట్‌కూ వాటా ఉంది.

అయినా మనిషన్నాక ఒక రోజు ఇంటిపట్టున ఉండాలనిపిస్తుంది. అప్పుడు ఏ కారణమైనా చెప్పొచ్చు, జ్వరం మాత్రం చెప్పకూడదు. జ్వరమంటే "గోళి వేసుకొని రా" అంటారు. తలనొప్పికి చాయ్ తాగమంటారు. నడుము నొప్పి అంటే శేట్ తన నడుము నొప్పి కథ ఎత్తుకుంటాడు, అది మీ నొప్పికంటే పాతది, ఖరీదైనది కూడా. చావు చెబితే మాత్రం చెల్లుతుంది, అదీ ఊర్లో చావు. కరీంనగర్ వైపో నల్లగొండ వైపో మూడు నాలుగు తరాల కింద వదిలివచ్చిన ఊళ్లు మాకు ఇప్పుడిలా అక్కరకొస్తున్నాయి. అక్కడ మనవాళ్లు ఎవరున్నారో ఈ కాలం పిల్లలకు తెలియదు. కానీ అక్కడి పెద్దమ్మలూ చిన్నమ్మలూ ఏడాదికి ఇద్దరు చొప్పున పోతూనే ఉంటారు. ఒకాయనకు ఒకే ఏడాదిలో అమ్మమ్మ రెండుసార్లు పోయింది. శేట్ లెక్క పట్టుకుని అడిగాడు. "అప్పుడు పోయింది మా అమ్మ తల్లి శేట్, ఇప్పుడు పోయింది మా అమ్మకు చిన్నమ్మ" అన్నాడు మనవాడు తడుముకోకుండా. శేట్ కూడా మాలాగే పద్మశాలీయే. చుట్టరికం ఇంకాస్త తవ్వితే తనకూ మైల తగిలేలా ఉందని ఊరుకున్నాడు.

పెళ్లికి ఒక రోజు ఇస్తారు. సంక్రాంతికి సిద్ధేశ్వరుని గడ్డా జాత్రలో నందిధ్వజాలు లేస్తే అడిగే పనే లేదు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం కదిలితే శేటూ ముకాదమూ బద్లీ అందరూ అక్కడే ఉంటారు. దేవుడికి సెలవుంది, చచ్చినవాడికి సెలవుంది. బతికుండి జబ్బుపడ్డవాడికే లేదు.

మార్కండేయుడి పేరెత్తాను కాబట్టి ఆ మాటా అనేస్తాను. పదహారేళ్లకే ఆయుష్షు తీరిన పిల్లవాడు శివలింగాన్ని కౌగిలించుకుని, వచ్చిన యముణ్ణి వచ్చినట్టే వెనక్కి పంపించాడు. ఆయన వంశం మనదని చెప్పుకుంటాం. ఆయన కొడుకు భావనా ఋషి తామర నారతో దేవతలకు బట్టలు నేశాడనీ చెప్పుకుంటాం. యముడి డ్యూటీకే నాగా పెట్టించిన మహానుభావుడి వారసులు ముకాదం దగ్గర ఒక్క పూట సెలవు ఇప్పించుకోలేకపోతున్నారు. శివుడి అధికారం యమలోకం దాకా నడుస్తుంది గానీ అక్కల్‌కోట్ రోడ్డు షెడ్లలో నడిచేట్టు లేదు.

చట్టం లేదా అంటారేమో, ఉంది. 1948లో చట్టంగా వచ్చిన ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఇది వర్తిస్తుంది. నియమాల ప్రకారం చందా కట్టినవాడు జబ్బుపడితే డాక్టరు సర్టిఫికెట్ మీద రోజు కూలిలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. వింటుంటేనే ఒంట్లో నలతగా అనిపిస్తుంది. అయితే ఆ చట్టమూ లోకం చూసినదే. మొదటి రెండు రోజులకు మామూలుగా పైసా ఇవ్వదు. రెండు రోజుల్లో తగ్గిపోయేదాన్ని అది జబ్బుల్లో లెక్కవేయదు, సరదాల్లో వేస్తుంది. ఈ అనుమానం మన దేశానికే పరిమితం అనుకోకండి. సంక్షేమానికి పెట్టింది పేరైన స్వీడన్ కూడా 1993లో జబ్బుపడిన మొదటి రోజుకు జీతం లేదని నిబంధన పెట్టింది.

మా వ్యవహారం ఆ రెండు రోజుల పేచీ దాకా పోదు. అన్ని షెడ్లూ అని అనను గానీ, కొన్నింట్లో మనుషులు ఎంతమంది ఉన్నా కాగితం మీద మాత్రం పదికి చేరరు. ముందు వరుస సాంచెలు శేట్ పేర, నడిమి వరుస శేటమ్మ పేర, వెనక వరుస ఇంకా పెళ్లికాని కొడుకు పేర ఉంటాయి. ఒక్కో పేరు కింద ఏడుగురో ఎనిమిదిమందో. మధ్యలో గోడ లేకపోయినా చట్టానికి గోడ కనబడుతుంది. పదోమనిషి ఎప్పుడు చేరినా ఆ గోడకు అవతలే చేరతాడు.

సెలవులకు ఈ గతి మొదటినుంచీ లేదు. ఇంగ్లండులో చేతిమగ్గాల కాలంలో నేతగాళ్లు చాలామంది సోమవారం పని ముట్టేవాళ్లు కాదు. దానికి "సెయింట్ మండే" అని ఒక దేవుడి పండగ పేరు కూడా పెట్టుకున్నారు. మగ్గం తన ఇంట్లోదే కాబట్టి సర్టిఫికెట్ అడిగే నాథుడు లేడు. మన గుంటమగ్గాలవాళ్లకు అమావాస్య ఉండేది. వానాకాలంలో గుంటలోకి నీరు ఊరితే ఆకాశమే సెలవు రాసిచ్చేది. మోటారు వచ్చాక ఆ సంతకాలు చెల్లడం మానేశాయి.

సోమవారం మాత్రం కార్మికుణ్ణి వదల్లేదు. నూలు మిల్లుల్లో ఏళ్ల తరబడి దూది ధూళి పీల్చినవాళ్లకు బిస్సినోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. వారపు సెలవు అయ్యాక పనిలోకి దిగిన మొదటి రోజే ఛాతీ పట్టేయడం దీని లక్షణం. అందుకే డాక్టర్లు దీన్ని సోమవారం జ్వరం అన్నారు. నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల జాబితాలో చట్టం దీని పేరు రాసింది కూడా. చట్టం ఒప్పుకున్న అసలైన సోమవారం జ్వరం దూది పీల్చేవాళ్లదే అయినప్పుడు, పేరుప్రతిష్ఠలన్నీ సోమవారం సిక్ లీవు పెట్టే పుణె కంప్యూటర్లవాళ్లు కొట్టేయడం అన్యాయం.

ఆ కంప్యూటర్లవాళ్లూ మన పిల్లలే మరి. ఇక్కడ హుతాత్మా ఎక్స్‌ప్రెస్ ఎక్కి పుణె పోయినవాళ్లే. అలాంటి కుర్రాడొకడు ఇంటికొచ్చి, సోమవారం పొద్దెక్కినా ఇంట్లోనే పడుకుని, ఒంట్లో బాగాలేదని ఆఫీసుకు వాట్సాప్‌లో పంపించాడు. తండ్రి కంగారుపడ్డాడు.

"ఏమైందిరా? డాక్టర్ తాన్కి పోదామా?"

"ఏం కాలే బాపు. సిక్ లీవులు మిగిలినయ్. డిసెంబర్ లోపల వాడకుంటే పోతయ్."

"పగార్ కోస్తరా?"

"కొయ్యరు."

ముప్పై ఏళ్లు సాంచె నడిపిన మనిషి కాసేపు ఆలోచించాడు. "గట్లయితే మంగళారం గూడ పండుకో" అన్నాడు.

పైస్థాయి జబ్బుల వైభవమే వేరు. 2024 మేలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లో వందలమంది సిబ్బంది ఒక్కసారిగా జబ్బుపడ్డారు. పదుల సంఖ్యలో విమానాలు ఆగిపోయాయి. పాతికమందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, లేబర్ కమిషనర్ ముందు కూర్చుని మాట్లాడుకున్నాక మళ్లీ తీసుకున్నారు. మా దగ్గర వందమంది కలిసి జ్వరమంటే, గిరాకీ లేని నెలల్లో శేట్లే వాళ్లకు కొబ్బరికాయ కొడతారు. ఆ నెలల్లో జబ్బుపడేది మార్కెట్టు. దాన్ని మాత్రం ఎవరూ సర్టిఫికెట్ అడగరు, ఎన్ని రోజులైనా పడుకోనిస్తారు.

ఇంతసేపూ మగవాళ్ల గొడవే అయింది. సెలవు అడగడానికి వీళ్లకు కనీసం ఒక గేటుంది. ఇంట్లో బీడీలు చుట్టే ఆడమనిషికి అదీ లేదు. ఒళ్లో చాట, పక్కన తడిపిన తునికాకు. తడిపిన ఆకు జ్వరం తగ్గేదాకా ఆగదు. రోజుకు వెయ్యి చుట్టడం ఆమె లెక్క. పక్కింటామె వచ్చి, "అక్కా, ఇయ్యాల జెర ఒరిగి కూసున్నవేంది?" అంటే, "పానం మంచిగ లేదే" అంటూనే ఆమె చెయ్యి దారం చుడుతూ ఉంటుంది. గోడకు ఆనుకుని చుట్టడమే ఆమె సిక్ లీవు. సాయంత్రం బీడీ కంపెనీ బ్రాంచిలో లెక్క చూసేవాడు, వంకరగా ఉన్నాయని కొన్ని తీసి పారేస్తాడు. ఆమె జ్వరానికి రాతపూర్వకంగా మిగిలేది ఆ తగ్గిన అంకె.

కాబట్టి శేట్లకు ఒక మనవి. పదిమంది పనిచేసే చోట పదిమందనే రాయండి. కట్టాల్సిన చందా కట్టండి. 91 రోజులూ వాడేసుకుంటామని భయపడకండి. జబ్బు దాచడంలో తప్ప జబ్బు నటించడంలో మావాళ్లకు అనుభవం లేదు. అది నేర్చుకోవడానికే ఇంకో తరం పడుతుంది.