నా మీద ఉండాల్సిన పేరు

పొడిగా ఉన్నప్పుడు నేను ఇప్పటి బంతుల కంటే బరువేమీ కాదు. నియమాలు చెప్పిన తూకం అప్పుడూ ఇప్పుడూ దాదాపు ఒకటే, నాలుగు వందల పైచిలుకు గ్రాములు. కాకపోతే నేను బతికింది బ్రెమెన్‌లో. వేజర్ నది పక్కన, సముద్రం వైపు నుంచి మబ్బులు దిగి వచ్చే ఊళ్లో, తోలు బంతి పొడిగా ఉండే రోజులెన్ని? ఆట మొదలైన కాసేపటికే నీళ్లు తాగేసేదాన్ని. రెండో సగానికి నన్ను తన్నాలంటే కాలికీ, హెడర్ కొట్టాలంటే మెడకీ మంచి సత్తువ కావాల్సి వచ్చేది.

నా పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆవు తోలు, పద్దెనిమిది పట్టీలు, మైనం పట్టించిన దారం. తిరగేసి కుట్టి, మళ్లీ బయటికి తిప్పి, లోపల రబ్బరు బ్లాడర్ దూర్చి, గాలి కొట్టి, నోటిని లేసుతో బిగించారు. తెలిసిన ఆటగాళ్లు ఆ లేసు వైపు నుదురు తగలకుండా చూసుకునేవాళ్లు. తెలియని కుర్రాళ్ల నుదుటి మీద ఎర్రటి గీత పడేది.

నేను మైదానంలోకి వచ్చేనాటికి బ్రెమెన్ ఇంకా శిథిలాలు ఎత్తుకుంటూనే ఉంది. 1944 ఆగస్టులో ఒక్క రాత్రి పడిన బాంబులకు ఊరి పడమటి పేటలు నేలమట్టమయ్యాయి. ఆ ఊళ్లోనే 1928లో పుట్టాడు విల్లీ ష్రోడర్. యుద్ధం ముగిసేనాటికి అతనికి పదహారేళ్లు. బాంబుల కింద పెరిగి, ఆకలి రోజుల్లో ఆట నేర్చుకున్న తరం అది. నన్ను తన్నిన కాళ్లు చాలా ఉన్నాయి. మరిచిపోలేనివి మాత్రం అతనివే.

విల్లీ ఫార్వర్డ్. అతని క్లబ్బు పేరు బ్రెమెన్ 1860, అంటే ఆ ఏట వ్యాయామ సంఘంగా మొదలైన పాత క్లబ్బు. ఊళ్లో పేరు మోగేది వెర్డర్‌ది. 1899లో బడి పిల్లలు కొందరు తాడులాగే పోటీలో గెలిచిన బహుమతితో మొదలుపెట్టిన క్లబ్బు అది. 1948 తర్వాత జర్మనీలో పెద్ద క్లబ్బుల ఆటగాళ్లు ఒప్పందం రాసుకుని నెలకు 320 మార్కుల దాకా జీతం తీసుకునే పద్ధతి వచ్చింది. విల్లీ మాత్రం అప్పటికి ఔత్సాహికుడే. అలాంటి కుర్రాణ్ణి కోచ్ సెప్ హెర్బెర్గర్ జాతీయ జట్టులోకి పిలిచాడు. 1951 నుంచి 1957 దాకా పన్నెండు మ్యాచ్‌లలో అతను జర్మనీ తరఫున ఆడాడు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్ సంగతి నేను నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌కు జర్మనీని పిలవలేదు. 1950 ప్రపంచకప్‌లోనూ చోటు దక్కలేదు. ఓడిపోయిన, తలెత్తుకోలేని దేశం మళ్లీ పెద్ద పోటీలో బంతి ముట్టుకుంది హెల్సింకీలోనే. జీతం తీసుకునేవాళ్లు ఒలింపిక్స్‌లో ఆడకూడదు గనక జాతీయ జట్టు కెప్టెన్ ఫ్రిట్జ్ వాల్టర్ లాంటి వాళ్లు వెళ్లలేదు. విల్లీ లాంటి ఔత్సాహికులు వెళ్లారు.

నేను వెళ్లలేదు. నాది సాధన బంతి బతుకు. కానీ అక్కడ ఉన్నవీ నాలాంటి తోలు బంతులే, కబురు మా జాతిలో పాకింది. ఈజిప్టు మీద 3-1తో గెలిచినప్పుడు రెండు గోల్స్ విల్లీవి. తర్వాత బ్రెజిల్. ఆ జట్టులో వావా ఉన్నాడు, ఆరేళ్ల తర్వాత ప్రపంచకప్ ఫైనల్లో రెండు గోల్స్ కొట్టబోయే వావా. బ్రెజిల్ 2-0తో ముందుంది. రెండో సగంలో విల్లీ ఒకటి తిరిగి కొట్టాడు. ఆట ముగిసేలోపు సహచరుడు సమం చేశాడు. అదనపు సమయంలో విల్లీ మళ్లీ కొట్టాడు. చివరికి 4-2. బ్రెమెన్‌లో ఒక చిన్న క్లబ్బు కుర్రాడు బ్రెజిల్ గోల్‌లోకి రెండుసార్లు బంతి పంపించాడు! ఆ వార్త విన్న నాటి పొంగు నా కుట్లలో ఇప్పటికీ ఉంది.

సెమీఫైనల్లో యుగోస్లావియా 3-1తో ఆపేసింది. కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో స్వీడన్ చేతిలో 0-2. నాలుగో స్థానం, పతకం లేదు. ఆ యుగోస్లావియానే అంతకుముందు భారత జట్టును 10-1తో ఓడించింది. హైదరాబాద్ పోలీసు జట్టు ఆటగాడు నూర్ మొహమ్మద్ లాంటి వాళ్లున్న జట్టు అది. ఆ చలిలో చాలామంది ఉత్త పాదాలతో ఆడారు. తడిసిన తోలు బంతిని ఉత్త పాదంతో తన్నడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆ స్కోరు చూసి నవ్వేవాళ్లంటే నాకు కోపం.

రెండేళ్లకు, 1954 జులై 4న, బెర్న్‌లో జర్మనీ హంగేరీని 3-2తో ఓడించి ప్రపంచకప్ ఎత్తుకుంది. బ్రెమెన్ వీధుల్లో రేడియోల చుట్టూ జనం. ఆ జట్టులో విల్లీ లేడు. దేశం తన కథను బెర్న్ నుంచే మొదలుపెట్టుకుంది. హెల్సింకీ ఆ కథలోంచి జారిపోయింది. ఈ బాధ నాకు పోదు.

అతని ఆట మాత్రం ఆగలేదు. తర్వాత వెర్డర్ ఆకుపచ్చ చొక్కా వేసుకున్నాడు. ఉత్తరాది లీగ్‌లో దాదాపు ఏటా హాంబుర్గ్‌దే పైచేయి, వెర్డర్ దాని వెనకే. ఆ నీడలోంచి బయటపడింది 1961 సెప్టెంబరు 13న. గెల్సెన్‌కిర్చెన్‌లో జర్మన్ కప్ ఫైనల్, కైజర్స్‌లౌటెర్న్ మీద 2-0. వెర్డర్‌కు అది మొదటి పెద్ద కప్పు, ఆ జట్టులో విల్లీ ఉన్నాడు. 1963 ఆగస్టులో దేశమంతటికీ ఒకే లీగ్‌గా బుండెస్‌లీగా మొదలైంది. ఆ లీగ్ తొలి గోల్ పడింది మా వేజర్ స్టేడియంలోనే. డోర్ట్‌ముండ్ ఆటగాడు కొనియెట్జ్‌కా తొలి నిమిషంలోనే కొట్టాడు. అది పడుతుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. ఫోటోలు లేని గోల్స్‌ను గుర్తుంచుకోవాల్సింది మాలాంటి వాళ్లమే.

నా గతి అప్పటికే మారిపోయింది. ఆట అయ్యాక తడి బంతిని గుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, కొవ్వు పట్టించాలి. అదంతా ఓపికగా చేసిన పెద్దాయన ఉన్నన్నాళ్లూ బాగానే ఉన్నాను. తర్వాత వచ్చినవాడు నన్ను నేరుగా పొయ్యి పక్కన పడేసేవాడు. మంట వేడికి తోలు బిగుసుకుపోయి, పట్టీల అంచులు లేచి, కుట్లు నోళ్లు తెరిచాయి. పాత బ్లాడర్ పగిలితే కొత్తది వేయలేదు. లేసు తెగితే ఏదో తాడు ముక్క కట్టాడు. ఆ కాలానికే లేసు లేని బంతులు వచ్చేశాయి, ఆ తర్వాత నీళ్లు పీల్చని పూత బంతులు. నన్ను నేలమాళిగలో విసిరేశారు. 1962 ఫిబ్రవరి తుపాను వరద అక్కడికీ వచ్చింది. నీళ్లు తీశాక కూడా నన్ను ఎవరూ పైకి తేలేదు. బూజు పట్టాను. ఎలుకలు తాడు కొరికేశాయి. తన్నించుకోవడం నొప్పి అనుకుంటారు. కాదు. ఎవరూ తన్నకపోవడమే నొప్పి. పైన పిల్లలు పరిగెడుతున్న చప్పుడు విన్న రోజులు మరీ కష్టంగా ఉండేవి.

ఆ చీకట్లో నన్ను తొలిచిన ఆలోచన ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లో జెఫ్ ఆస్టిల్ అనే ఫార్వర్డ్ 2002లో 59 ఏళ్లకే పోయాడు. ఏళ్ల తరబడి తోలు బంతికి హెడర్లు కొట్టడం వల్లే అతని మెదడు దెబ్బతిందని మరణ విచారణలో తేల్చారు. నేను ఎంతమంది నుదుళ్లను తాకానో లెక్క లేదు. వాళ్లంతా ముసలితనంలో ఏమయ్యారో ఎవరైనా కనుక్కుంటే బాగుండును.

ఇప్పుడు నన్ను బయటికి తీసి, బుర్గెర్‌వైడె మైదానంలో ఆదివారం పాత సామాన్ల సంతలో పెట్టారు. నా ముందు ఒక అట్టముక్క నిలబెట్టారు. దాని మీద పెద్ద అక్షరాలతో '1954' అని ఉంది. ఆ అంకె ఉంటే ధర పలుకుతుందట. అది నా అంకె కాదు, దాన్ని కొట్టేయండి. నేను బ్రెమెన్ 1860 కుర్రాళ్ల బంతిని. రాయాలనుకుంటే ఇలా రాయండి: విల్లీ ష్రోడర్, హెల్సింకీ, 1952 జులై, బ్రెజిల్ మీద రెండు గోల్స్. ఆ తర్వాత ఎంత ధర పెడతారో మీ ఇష్టం.