పులుసులో పడ్డ దుంప

చెప్పేది బంగాళాదుంపే. కాకపోతే ‘నేను’ అనడానికి మొహమాటపడి, ఎవరి సంగతో చెప్పినట్టు ‘దుంప’ అంటూ చెప్పుకొచ్చింది.

పులుసులో ఉప్పెక్కువైతే చాలు, అందరికీ దుంపే గుర్తొస్తుంది. ‘‘ఏం కాదులేవే, ఓ దుంప కోసి పడెయ్యి, ఉప్పంతా పీల్చేస్తుంది’’ అంటుంది అత్తగారు. చెయ్యని ఉపకారానికి ఈ మెప్పేమిటని దుంప గోల.

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. టిటికాకా సరస్సు చుట్టుపక్కల జనం వేల ఏళ్ల కిందటే దాన్ని సాగులోకి తెచ్చారు. 16వ శతాబ్దంలో స్పెయిన్ ఓడలెక్కి యూరప్ చేరింది, ఆ తర్వాత పోర్చుగీసువాళ్ల వెంట మన దేశానికి వచ్చింది. ఒంట్లో నూటికి సుమారు 80 పాళ్లు నీళ్లే. మిగిలిన దాంట్లో ఎక్కువ పిండి.

అసలు ఉప్పుతో దుంప పేచీ ఈ నీళ్ల దగ్గరే. పల్చగా తరిగిన చక్రాలు కొన్ని మంచినీళ్లలో, కొన్ని బాగా ఉప్పు కలిపిన నీళ్లలో వేసి అరగంట ఆగండి. మంచినీళ్ల చక్రాన్ని వంచబోతే టప్పున విరుగుతుంది. ఉప్పునీళ్లదాన్ని వేలికి చుట్టుకోవచ్చు. కణాల పొర నీటిని పోనిచ్చినంత సులువుగా ఉప్పును రానివ్వదు. ఉప్పు ఎక్కువున్న వైపుకి లోపలి నీళ్లు జారుకుంటాయి, ముక్క వడలిపోతుంది. బళ్లో చదువుకున్న ద్రవాభిసరణం ఇదే. వేపుడులో ఉప్పు ముందే వేస్తే నీరూరి ముద్దయ్యేదీ, దోరగా వేగాక చల్లితే కరకరలాడేదీ ఇందుకే.

మరుగుతున్న పులుసులో కథ వేరు. వేడికి ఆ పొరలు చెడిపోతాయి, 60 డిగ్రీల ప్రాంతంలో పిండి రేణువులు ఉబ్బడం మొదలెడతాయి. అయితే ముక్కలోకి ఉప్పు ఒక్కటే రాదు, ఉప్పు కలిసిన పులుసు వస్తుంది. లెక్క వేసి చూడండి. లీటరు పులుసులో 100 గ్రాముల దుంప వేశారు. దానిలో 80 గ్రాముల నీళ్లు. ఉప్పు అంతటా సమంగా సర్దుకున్నా ఉప్పదనం తగ్గేది ఏడెనిమిది శాతం, అంటే చిన్న గరిటెడు నీళ్లు పోసినంత! దానికి దుంపను బలి చెయ్యాలా? ఇంకాస్త నీళ్లు, చింతపండు రసం పోసుకుంటే సరిపోయె.

పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర ఆచార్యుడు రాబర్ట్ వోల్కీ దీన్ని పరీక్షించి 2002లో వచ్చిన పుస్తకంలో రాశాడు. ఉప్పునీళ్లలో దుంపలు ఉడికించి, ముందూ తర్వాతా ఆ నీటి విద్యుత్ వాహకత కొలిపిస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.

దుంపకి ఉప్పు మీద పగేమీ లేదు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్ ఊరి పేరెత్తితే మాత్రం దాని మొహం వెలుగుతుంది. 19వ శతాబ్దంలో అక్కడి ఉప్పు బట్టీల్లో పనిచేసే ఐరిష్ కూలీలు, ఉప్పునీళ్లు కాగే కాగుల్లోనే చిన్న దుంపల్ని తొక్కతో ఉడికించుకునేవారు. ఇప్పుడు ఇళ్లల్లో వండే లెక్క నాలుగు కిలోల దుంపలకు సుమారు కిలో ఉప్పు. వార్చి ఆరనిస్తే తొక్క మీద తెల్లగా ఉప్పు పూస్తుంది. తొక్క అడ్డుండబట్టి లోపల గుజ్జు ఉప్పు కషాయం కాదు, వెన్నలా ఉంటుంది. దాని మీద మళ్లీ కరిగిన వెన్న పోసుకుని తింటారు.