ఉత్తమ చిత్రాన్ని చివర్లో చూడండి

2006 మార్చి 5 రాత్రి లాస్ ఏంజిలస్‌లో జాక్ నికల్సన్ కవరు విప్పి ‘క్రాష్’ అని చదివాడు. ఆ ఏటి ఆస్కార్ ఉత్తమ చిత్రం అదే అయింది. ఓడిన నాలుగింటిలో ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ ఒకటి. దాన్ని తీసిన ఆంగ్ లీకి అదే వేదిక మీద ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చారు గానీ, ఆయన సినిమాను మాత్రం పక్కన పెట్టారు. ఆ తీర్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను. అలాంటి తీర్పులు విని మనం తల ఊపకుండా ఉండేందుకు ఏడు సలహాలు చెబుతున్నాను. ఇవన్నీ తలకిందులుగా ఉన్నాయని మీ ఇంట్లోవాళ్లు అనొచ్చు. అయినా పాటించండి.

1. గెలిచిన సినిమాను అన్నిటికంటే చివర చూడండి

మనం చేసేది సరిగ్గా దీనికి ఎదురు. అవార్డు ప్రకటించిన మర్నాడే ఓటీటీలో ఆ పేరు వెతుకుతాం. మిగతావి ఎప్పటికీ చూడం. పక్కన పెట్టి పోల్చడానికి ఏమీ లేకుండానే ‘ఉత్తమం’ అన్న మాటను ఒప్పేసుకుంటాం. 2005 సినిమాలకు మీ వరుస ఇలా ఉండాలి: ముందు ‘కపోటీ’, తర్వాత ‘గుడ్ నైట్ అండ్ గుడ్ లక్’, ‘మ్యూనిక్’, ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’, అన్నీ అయ్యాక ‘క్రాష్’. అప్పుడది కిరీటంతో రాదు. మిగతావాటిలాగే పరీక్షకు కూర్చుంటుంది.

2. కన్నీళ్లు వచ్చిన చోట మార్కులు తగ్గించండి

‘క్రాష్’లో తాళాలు బాగుచేసే డేనియల్ తన చిన్నారి కూతురికి కంటికి కనిపించని అంగీ ఒకటి తొడుగుతాడు. అది ఉంటే తూటా తగలదని చెబుతాడు. ఆ తర్వాత దుకాణదారు ఫర్హాద్ తుపాకీ పట్టుకుని ఇంటిమీదికి వస్తే, పాప పరుగెత్తుకెళ్లి తండ్రి మీదికి ఎగబాకుతుంది. తుపాకీ పేలుతుంది. నేనూ ఏడ్చాను. పాపకేమీ కాదు, ఎందుకంటే ఫర్హాద్ కూతురు కొన్నవి ఉత్తుత్తి తూటాలు. పసిపిల్లను తుపాకీ ముందు పెడితే ఏ రాతిగుండె అయినా కరుగుతుంది. అందులో దర్శకుడి పనితనం ఎంత?

‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’లో ఎనిస్, చనిపోయిన తన ప్రియుడు జాక్ గదిలోకి వెళ్లి, అలమరలో ఒకదాని లోపల ఒకటి తొడిగి తగిలించిన రెండు చొక్కాలు చూస్తాడు. ఒకటి తనది, రెండోది జాక్‌ది. కేక లేదు, తుపాకీ లేదు. ఇరవై ఏళ్ల ప్రేమ ఒక్క హ్యాంగరుకు వేలాడుతోంది. మార్కులు అక్కడ వేయండి.

3. మంచి ఉద్దేశానికి ఒక్క మార్కూ వేయకండి

దర్శకుడు పాల్ హాగిస్ ఉద్దేశం మంచిదే. 1991లో ఎవరో తుపాకీ చూపించి ఆయన కారు ఎత్తుకెళ్లారు. ఆ అనుభవం నుంచే ఈ కథ పుట్టింది. లాస్ ఏంజిలస్‌లో జాతి ద్వేషం గురించి మాట్లాడాలనుకున్నాడు. కానీ ఏం చేశాడు? పోలీసు రయాన్ ఒక నల్లజాతి దంపతుల కారు ఆపి, సోదా పేరుతో భర్త కళ్లెదుటే క్రిస్టీన్ ఒంటిమీద చేతులు వేసి అవమానిస్తాడు. మర్నాడు ఆమె కారు తలకిందులై మంటలు అంటుకోబోతుంటే, ప్రాణాలకు తెగించి బయటికి లాగుతాడు. మనం అతన్ని క్షమిస్తాం. క్రిస్టీన్ క్షమించిందా? సినిమా ఆ ప్రశ్న అడగదు. అతని పాపం కడగడానికి ఆమె ప్రమాదాన్ని వాడుకున్నారు. ద్వేషం ఒక్క సాహసంతో చల్లారేదయితే ఏ దేశంలోనూ అది ఇన్ని తరాలు బతికేది కాదు.

4. కలిసొచ్చినవన్నీ కాగితం మీద రాయండి

దాదాపు 40 లక్షల జనం ఉన్న నగరం. కథ నడిచేది ఒకటిన్నర రోజు. అంతలో అదే పోలీసుకు అదే స్త్రీ ఎదురవుతుంది. ఆమె భర్త కారును ఎత్తుకెళ్లడానికి వచ్చిన దొంగలే అంతకుముందు ప్రాసిక్యూటర్ దంపతుల కారు ఎత్తుకెళ్లినవాళ్లు. ఆ దంపతుల ఇంటి తాళాలు మార్చిన డేనియలే ఫర్హాద్ దుకాణానికీ వెళతాడు. దొంగల్లో ఒకడు డిటెక్టివ్‌కు సొంత తమ్ముడు. కాగితం నిండిపోతుంది. మనుషులు బతికే ఊరు కాదిది, పాఠం చెప్పడానికి కట్టిన ఊరు.

5. ఓట్ల లెక్క తెలుసుకోండి

అప్పట్లో ఐదు సినిమాలు పోటీపడితే ఎక్కువ ఓట్లు వచ్చినదే విజేత. ఓట్లు చీలితే నూటికి 21 వచ్చినా చాలు. ఆస్కార్‌కు ఓటు వేసే అకాడమీ సభ్యులు ఇష్టాన్ని బట్టి వరుస అంకెలు వేసే పద్ధతి ఉత్తమ చిత్రానికి 2009 నుంచి తిరిగి వచ్చింది. పోటీలో ఉన్న సినిమాలన్నీ చూశాకే తుది ఓటు వేయాలన్న నిబంధన పెట్టింది 2025లో. పైగా ‘క్రాష్’ పంపిణీదారులు లయన్స్‌గేట్ నటుల సంఘం సభ్యులకు లక్షకు పైగా డీవీడీలు పంపారు. అందులో తప్పేమీ లేదు. కానీ ‘ఉత్తమం’ అన్న మాట వెనుక ఇవన్నీ ఉన్నాయని ప్రేక్షకుడికి తెలియాలి.

6. పదేళ్లు ఆగి తీర్పు చెప్పండి

2015లో హాలీవుడ్ రిపోర్టర్ పత్రిక అకాడమీ సభ్యుల్ని మళ్లీ అడిగితే, వాళ్లు ఈసారి ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’ను ఎంచుకున్నారు. అదే ఏడాది హాగిస్ కూడా తన సినిమా ఆ ఏటి మేటి చిత్రమని తాను అనుకోవడం లేదని చెప్పాడు. ఆ నిజాయతీకి దండం పెట్టాలి. 2018లో భద్రపరచాల్సిన సినిమాల అమెరికా జాతీయ జాబితాలోకి చేరింది ఓడిన సినిమానే.

7. మనవాళ్లు గెలిచినా ఇదే కొలత పెట్టండి

2023 మార్చి 13 ఉదయం ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. చేసుకోవాలి కూడా. అయితే ఆ ఏడాది పోటీలో ఉన్న మిగతా నాలుగు పాటలు మనలో ఎంతమంది విన్నారు? వినకుండా ఆనందపడొచ్చు గానీ తీర్పు చెప్పకూడదు. విని, అప్పుడూ మన పాటే మేలనిపిస్తే, ఆ మాటకు ట్రోఫీ కంటే ఎక్కువ విలువ ఉంటుంది.

‘క్రాష్’ చేతకాని సినిమా కాదు. రయాన్‌గా మాట్ డిల్లన్ నటన, తండ్రి వైద్యం కోసం అతను ఫోన్లో బతిమాలే ఘట్టం గుర్తుండిపోతాయి. కానీ మంచి ఘట్టాలు ఉన్న సినిమా వేరు, ఏడాది మొత్తంలో మేటి సినిమా వేరు. ఈ ఆదివారం ‘బ్రోక్‌బ్యాక్ మౌంటెన్’, ‘క్రాష్’ రెండూ వరుసగా చూడండి, నేను చెప్పిన వరుసలోనే. ఆ తర్వాత బహుమతి మీరివ్వండి.