పాసు లేని పిశాచములు

పొట్టకూటికై పరదేశమునకు బయలుదేరు తెలుగువాడు తన వెంట ఇలవేల్పును, ఇంటిపేరును, ఇంగువ డబ్బాను, ఆవకాయ జాడీని తప్పక కొనిపోవును గాని, ఊరి బయటి చింతచెట్టు మీది దెయ్యమును వెంటబెట్టుకొని పోయినట్లు ఏ చరిత్రకారుడును వ్రాసియుండలేదు. ఇందుకు ఖరగ్‌పూరు కంటె ప్రబలమైన నిదర్శనము వేరొకటి యక్కరలేదు. 1902లో వాల్తేరు–కటకము మార్గము బెంగాల్ నాగపూర్ రైల్వే వారి చేతికి వచ్చినది మొదలు, శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి కుటుంబములకు కుటుంబములే ఆ దారిని ఈ యెఱ్ఱమట్టి నేలకు తరలివచ్చి, వర్క్‌షాపులో సుత్తె పట్టి, యార్డులో జెండా యూపి, షెడ్డులో బొగ్గు మోసి, నిమ్‌పురా, మథురాకాటీలయందు తెలుగు వీధులను నిలిపిరి. వారి వెనుకనే అమ్మవారు వచ్చెను, ఘటములు వచ్చినవి, ఏడుకొండలవాడు వచ్చెను, తుదకు పూర్ణపు బూరెలును వచ్చినవి. దెయ్యములు మాత్రము రాలేదు.

కారణమేమని విచారింపగా, లోపము దెయ్యములలో లేదు, రైల్వే నియమావళిలో నున్నదని తేలినది. ఉద్యోగి పాసుపై అతని భార్య ప్రయాణము చేయవచ్చును, బిడ్డలు చేయవచ్చును, అతనిపై నాధారపడిన వితంతువగు తల్లి చేయవచ్చును. అతనిని పట్టుకొని, అతనిపై దక్క మరెవ్వరిపైనను ఆధారపడి యెఱుగని దెయ్యమునకు మాత్రము ఆ పట్టికలో స్థానము లేదు. పోనీ, టిక్కెట్టు లేకయే వచ్చి చేరినదనుకొందము, నివసించుటకు ఇల్లేది? తాతముత్తాతల కొంప యొకటి, అందులో తలుపు తీయని చీకటిగది యొకటి, తరతరములుగా తీరని పగ యొకటి యుండినగాని దెయ్యము నిలద్రొక్కుకొనజాలదు. రైల్వే క్వార్టరో, ఉద్యోగి విరమించిన కొలదినెలలకే ఖాళీ చేయవలసినది. అతడు మరణించెనేని కుటుంబమునకు 24 నెలల గడువు గలదు గాని, మరణించినవాడు స్వయముగా అందు నివసించుటకు ఏ సర్క్యులరును అనుమతింపదు. గడువు మీరి యున్నచో పీనల్ రెంటు పడును. ఆ లెక్క చూచిన యెట్టి బ్రహ్మరాక్షసుడైనను నెల తిరుగకుండ తాళపుచెవి అప్పగించి పోవలసినదే.

స్వదేశీయ భూతముల కిట్లు దూరమైన మావారు వంగభూతములతో కాలక్షేపము చేయక తప్పలేదు. శంఖపు గాజులు తొడిగిన శాక్‌చున్ని, చేపలబుట్ట వెంటబడు మేఛో భూతము, మారేడుచెట్టుపై కొలువుదీరు బ్రహ్మదైత్యుడు మొదలగు వారందఱిలో మా కాప్తుడు స్కంధకాటా. రైలు క్రింద తల పోగొట్టుకొన్నవారే ఆ మొండెములగుదురని జనశ్రుతి గనుక అతడు మా డిపార్టుమెంటు వాడే. నిశి యను నింకొకటి గలదు. అది నడిరేయి పేరుపెట్టి పిలుచును గాని రెండుమార్లకు మించి పిలువజాలదు. కావున మూడవ పిలుపు విన్నగాని పలుకరాదని బెంగాలీల యాచారము. ఆవిరియింజనుల కాలమున అపరాత్రివేళ డ్రైవరు ఇంటికి వచ్చి, కేకవేసి డ్యూటీకి పిలుచు కాల్‌బాయ్ యొకడుండెడివాడు. మా పెద్దలలో కొందఱు ఈ యాచారమును ఎంతటి భక్తిశ్రద్ధలతో స్వీకరించిరనగా, కాల్‌బాయ్ అయిదవమారు గొంతు చించుకొన్నను, అది నిశియే యేమో యను సందేహము వారికి తీరెడిది కాదు.

మా రైల్వేయును దెయ్యములయెడ గౌరవము లేనిది కాదు. ఇదే రాష్ట్రమున పురూలియా జిల్లాలో, 1960లో తెరచిన బేగున్‌కోదర్ స్టేషను, పట్టాలవెంట తెల్లచీర కట్టిన స్త్రీ యొకతె తిరుగుచున్నదను వదంతి పుట్టగా 1967లో మూతపడి, మరల 2009లో గాని తెరువబడలేదు. బి.ఎన్.ఆర్. కార్మికులకు వి.వి. గిరిగారంతటి తెలుగు నాయకుడు లభించియు, కోరికల సాధనకై సమ్మెలు కట్టవలసి వచ్చినది. ఆ తెల్లచీర యామె ఒక్క వినతిపత్రమైన సమర్పింపక, ఒక్క జెండాయైన పాతక, స్టేషను నేకముగా 42 ఏండ్లు మూయించినది!

ఆశ్వయుజ బహుళ చతుర్దశినాడు మనము నరకుడు చచ్చెనని తలంటుకొని సంతోషింతుము. అదే తిథిని బెంగాలీలు భూతచతుర్దశి యని, పదునాలుగు విధముల ఆకుకూరలు వండి తిని, పదునాలుగు దీపములు వెలిగించి చీకటిమూలలను కాపాడుకొందురు. మరునాటి కాళీపూజకు పందిళ్లలో అమ్మవారి కిరువైపుల డాకినీయోగినులు మట్టిబొమ్మలై కోరలు చాపుదురు. ఆ సందడిలో, జెయింటువీలునకును మృత్యుకూపమునకును నడుమ, నల్లగుడ్డ చుట్టిన వెదురుపందిరి యొకటి లేచి, 'భూత్ బంగ్లా' యను ఫ్లెక్సీ తగిలించుకొని, ఊళ్లో దొరకని భయమును టిక్కెట్టు మీద విక్రయించును. ఈ వర్తకము మనవారు కనిపెట్టినది కాదు. 1862లో లండను నగరమున పెప్పర్ అను పండితుడు, ఏటవాలుగా నిలిపిన గాజుపలకపై మఱుగుననున్న మనిషి ప్రతిబింబమును పడవేసి, రంగస్థలమున దెయ్యమును నడిపించెను. 1915లో ఆర్టన్ అండ్ స్పూనర్ అను ఇంగ్లీషు కంపెనీవారు ఆవిరితో నడచు దెయ్యాలకొంపనే నిర్మించిరి. అది నేటికిని హాలీకూంబ్ అనుచోట బొగ్గు తిని జనమును జడిపించుచున్నది. ఆ ముక్క చెప్పగా మా మామయ్య మిక్కిలి సంతసించి, "అదీ దెయ్యమంటే! లోకో డిపార్టుమెంటు దెయ్యం!" అనెను.

ఈ మామయ్య ఎలక్ట్రికల్ విభాగమున జీవితమంతయు గడపి విరమించినవాడు. ఆయన యిల్లాలగు మా మేనత్త బొబ్బిలి తాలూకా ఆడపడుచు. మనుమలు పట్టుబట్టగా ఒకనాటి రాత్రి ఈ దంపతులతో గూడ భూత్ బంగ్లా ప్రవేశించితిమి. లోపల జీరోబల్బు ఎఱ్ఱగా గ్రుడ్లురుముచుండెను. అడుగు వేసినచోటెల్ల పలక క్రుంగుచుండెను. నీట తడిపిన పురికొసలు పైనుండి వ్రేలాడి ముఖములను తడవుచుండెను. సౌండుబాక్సులో నక్క యొకటి ఊళవేసి, ఆడుది యొకతె నవ్వి, గంట మ్రోగి, మరల ఆ నక్కయే మొదలుపెట్టుచుండెను. మూల తిరుగగనే, నల్లబనియనుపై తెల్లరంగుతో ప్రక్కటెముకలు గీయించుకొన్న కంకాళ మొకటి మీదికి దుమికి, మెడ విఱిచెదనని మొదట బెంగాలీలోను, ఫలితము కానరామి హిందీలోను, చిట్టచివర శుద్ధమైన శ్రీకాకుళపు తెలుగులోను హెచ్చరించెను. దాని కాళ్లకు హవాయి చెప్పులును, చేత సగము త్రాగిన టీతో మట్టికప్పును ఉండెను.

పిల్లలు కెవ్వుమనిరి. మా అత్త కదలలేదు.

"ఏటి బాబూ, సాయంత్రం కాణ్ణించీ ఇలాగే అరుస్తన్నావా? గొంతుక పాడైపోదేటి?" అనెను.

కంకాళము ముసుగు నుదుటి మీదికి త్రోసికొని, "ఏటి సేస్తాం పెద్దమ్మా, పదయితే గాని డూటీ దిగదు," అనెను.

"మీదే ఊరు?"

"నిమ్‌పురాయే పెద్దమ్మా. మా తాతలది పాలకొండ కాడ."

పాలకొండ యనగనే అత్తకు బంధుత్వములు స్ఫురింపసాగెను. ఆ పిశాచము తాతగారెవరు, వారి వీధి యేది, ఇంట పెండ్లి కావలసిన ఆడపిల్లలెందఱు అను విచారణ దీర్ఘముగా సాగుచుండగా, వెనుక నిలిచిన జనము బెంగాలీలో గొణుగుచుండగా, మామయ్య టార్చిలైటు తీసి, ఇంజనీరింగు తనిఖీకి వచ్చినవాని గాంభీర్యముతో పందిరి నలుమూలలను పరీక్షింప మొదలిడెను. కపాలములపై పడిన వెలుతురు ఆయనను చలింపజేయలేదు. ఉరిత్రాట వ్రేలాడు శవముపై పడినది, ఆయన పెదవి విఱిచెను. అంతట ఆ వెలుతురు కంకాళము వీపు ఆనించియున్న తడి వెదురుబొంగుపై నిలిచినది. మామయ్య ముఖము పాలిపోయెను.

"ఓర్నాయనో! జాయింటు! జాయింటుకి టేపు లేదు!"

ముప్పదియేండ్లు కరెంటుతో కాపురము చేసిన కంఠమునుండి వెలువడిన ఆ యార్తనాదమునకు సౌండుబాక్సులోని నక్క చిన్నబోయినది. అందఱికంటె ముందు పరుగుతీసినది కంకాళమే. దాని వెనుక పిల్లలు, పిల్లల వెనుక జనము, జనము వెనుక "నిలకడగా పదండ్రా" యనుచు అత్తయు, ప్రవేశద్వారమునుండియే బయటపడితిమి. ప్రాణభీతిచే చెప్పులు వదలి పరుగెత్తు పిశాచమును ప్రత్యక్షముగా చూచిన బయటి జనము, లోపల నిక నెంతటి ఘోరమున్నదోయని యూహించి, టిక్కెట్టు కిటికీ మీద విఱుచుకొనిపడిరి. యజమాని మెయిను కట్టివేసి, టేపు చుట్టించి, ఆ రాత్రి కూలీలో కోత పెట్టకుండ ఆ పిల్లవానికి వేడిటీ యిప్పించెను.

భయమునకు పరిచయము కావలెనను సత్యము నాకప్పుడు బోధపడినది. మామయ్యకు కరెంటుతో పరిచయము గలదు గనుక తీగకు భయపడెను. అత్తకు తన ఊరి చింతచెట్టు దెయ్యము పేరును, దానికి కలిగిన అన్యాయమును, దానికి బాకీ పడిన ఇండ్లును తెలియును గనుక, నేటికిని ఆ ఊరి దారి తలచుకొన్నచో చెంగు బిగించుకొనును. ముక్కు మొగ మెఱుగని కంకాళము మనలనేమి జడిపింపగలదు? దారిలో ఈ మాటయే అత్తతో ననగా, ఆమె నిట్టూర్చెను.

"ఇంకెక్కడి చింతసెట్టు రా? రోడ్డు యెడల్పు సేస్తామని కొట్టీసినారు. నిలవనీడ లేక అదీ ఈపాటికి రైలెక్కీసుంటాది."

మామయ్య ఒక్క క్షణ మాలోచించెను. "వొచ్చి ఏటి సేస్తాదే? పర్మినెంటు ఖాళీలెక్కడున్నాయి? అదీ కంట్రాక్టరు కింద సేరి, టిక్కెట్టుకింతని అరవాల్సిందే," అనెను.