ఫోన్ నోట్సును పరాయి కంప్యూటర్ ఎక్కించు విధానము

కావలసినవి: ఒక కంపెనీ ఫోను, ఇంకో కంపెనీ కంప్యూటరు, చార్జింగుకు తప్ప దేనికీ పనికిరాని ఒక కేబులు, బోలెడంత ఓపిక, ఎండాకాలం.

ఎండాకాలం ఎందుకంటారా? చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో ఈ అవసరం ఏప్రిల్, మే నెలల్లోనే ముదురుతుంది. తెల్లారకముందే అడవికి పోయి కోసుకొచ్చిన తునికాకును 50 ఆకులకో కట్ట చొప్పున కట్టి కల్లానికి తెస్తారు. కట్టలు లెక్కపెట్టి రాసుకోవాల్సింది కల్లేదారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. వెనకటికి కల్లేదారు చంకలో ఓ పుస్తకం, చెవిపైన ఓ పెన్ను ఉండేవి. ఇప్పుడు కాలం మారింది కాబట్టి ఫోన్లో నోట్స్ తెరిచి ఇలా కొడతాడు:

‘వాగవతల పెద్దమ్మ 70. కోడలు 55. చెరువుకాడ బావ 100, అందులో 10 చిల్లులాకు, తీసేశా. సర్పంచి బామ్మర్ది 40. రేపు తెస్తానన్నవి కలపలేదు, కలపమన్నాడు.’

ఇంతకన్నా నిఖార్సయిన లెక్క ఏ ఆఫీసులోనూ దొరకదు. ఇక దీన్ని భద్రాచలంలో కాంట్రాక్టరు గుమాస్తా ల్యాప్‌టాప్‌లో చూపించాలి. ఆ కల్లేదారు మీరే అనుకుని చదవండి.

ముందు కేబులు పెట్టండి. ఫోను చార్జింగ్ ఎక్కుతుంది. దాన్ని విజయంగా భావించకండి. సెట్టింగ్ మార్చి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ నొక్కితే పెళ్లి ఫొటోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఎప్పుడో డౌన్‌లోడ్ చేసిన పాత జీవో, అన్నీ వరసకట్టి వస్తాయి. నోట్సు మాత్రం రాదు. ఎందుకంటే నోట్స్ యాప్ మీ రాతను తన సొంత గదిలో దాచుకుని గడియ పెట్టుకుంటుంది. ఆ గదిలోకి వేరే యాప్ తొంగిచూడకూడదు, కేబులు వేసుకుని వచ్చిన కంప్యూటరు అసలే చూడకూడదు. ఇది మీ భద్రత కోసమే చేశారు. మీ నుంచి మీకు భద్రత.

మీది ఐఫోను అయితే (కల్లేదారు చేతిలో ఐఫోనేమిటని అడక్కండి, వాయిదాల మీద ఏదైనా వస్తుంది) పని తేలికే. ఏ కంపెనీ కంప్యూటర్లోనైనా బ్రౌజరు తెరిచి ఐక్లౌడ్ డాట్ కామ్‌లోకి వెళ్లి, ఆపిల్ పాస్‌వర్డ్ కొడితే నోట్సు కనబడుతుంది. పాస్‌వర్డ్ గుర్తుంటే. ఆ తర్వాత 6 అంకెల కోడు మీ ఫోన్‌కే వస్తుంది, ఆ ఫోను ఇంటి దగ్గర చార్జింగులో లేకుండా చేతిలోనే ఉంటే. నోట్సు ఐక్లౌడ్ ఖాతాలో రాసి ఉండాలి కూడా. ‘ఆన్ మై ఐఫోన్’ అనే అరలో రాస్తే అది పేరుకు తగ్గట్టు ఫోన్లోనే ఉండిపోతుంది. ఏ అరలో రాస్తున్నారో మొదటిరోజే చూసుకునేవాళ్లు ఈ విధానం చదవనక్కర్లేదు.

శాంసంగ్ నోట్స్ వారి దారి వేరు. ఆ కంపెనీ విండోస్‌కు కూడా యాప్ చేసింది. కాకపోతే తన గెలాక్సీ బుక్ ల్యాప్‌టాప్‌ల కోసం చేసుకుంది. వేరే ల్యాప్‌టాప్‌లో దించుకుని ‘ఇది మీకు కాదు’ అనిపించుకున్నవారు దేశదేశాల్లో ఉన్నారు. వారిలో కొందరు మేధావులు విండోస్ రిజిస్ట్రీలోకి దూరి, తయారీదారు పేరున్న చోట ‘శాంసంగ్’ అని మార్చి యాప్‌ను నమ్మించారు. దొంగ సర్టిఫికెట్ల సంగతి ఏజెన్సీలో మనకెవరూ నేర్పనక్కర్లేదు గానీ, ఈ సర్టిఫికెట్‌కు ఆయుష్షు మరీ తక్కువ. కంప్యూటరు ఆపి మళ్లీ వేయగానే అసలు కులం బయటపడుతుంది. రోజూ పొద్దున్నే మార్చుకోవాలి.

పెద్దలు కుదిర్చిన రాజీ ఒకటుంది. 2020లో గెలాక్సీ నోట్ 20 వచ్చినప్పుడు శాంసంగ్, మైక్రోసాఫ్ట్ ఒక మాట అనుకుని, ఈ నోట్సు వన్‌నోట్‌లో కనబడే ఏర్పాటు చేశాయి. కనబడటం వరకే. బొమ్మలా వస్తుంది. 70కి 55 కూడదామంటే చూసి కూడుకోవాలి, దిద్దడానికి లేదు.

ఈ హద్దులకు మనం కోప్పడటం భావ్యం కాదు. 2014 నుంచి భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, ఆనుకునే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. రాములవారు ఒక రాష్ట్రంలో, పురుషోత్తపట్నంలోని ఆయన భూములు ఇంకో రాష్ట్రంలో. దేవుడే సర్దుకున్నప్పుడు కల్లేదారు ఒక లెక్కా? ఆ మాటకొస్తే పాల్వంచ తహసీల్దారు కంచర్ల గోపన్న లెక్కలు కూడా గోల్కొండ వారి కళ్లకు సరిగ్గా ఆనలేదు. ఏ నగకు ఎన్ని మొహరీలయ్యాయో కీర్తనలో చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పటికే ఆయన జైల్లో ఉన్నాడు.

‘సింక్ అయింది’ అని ఫోన్లో టిక్కు పడితే పని అయిపోయిందనుకునేవారికి ఒక హెచ్చరిక. రైల్వే వారి భద్రాచలం రోడ్ స్టేషన్ కొత్తగూడెంలో ఉంది. అక్కడ దిగినవాడికి రాములవారు ఇంకా 40 కిలోమీటర్లు. టిక్కు కూడా అంతే, నోట్సు కంపెనీ వారి స్టేషన్ చేరిందని చెబుతుంది, గుమాస్తా ల్యాప్‌టాప్ సంగతి దానికి తెలియదు. పైగా కల్లం దగ్గర సిగ్నలుంటే కదా ఆ టిక్కయినా పడేది.

గూగుల్ కీప్‌లో రాసుకుంటే ఏ కంపెనీ ఫోన్లోనైనా, ఏ కంప్యూటర్ బ్రౌజరులోనైనా తెరుచుకుంటుంది. ఇంత సులువైన దారి చెబితే మనవాళ్లు అనుమానిస్తారు కనుక గొంతు తగ్గించి చెబుతున్నాను. గుమాస్తా ల్యాప్‌టాప్‌లో లాగౌట్ కావడం మాత్రం మరిచిపోండి. మీ మెయిళ్లు, మీ ఫొటోలు, మీ ఆవిడ రాసిన కిరాణా చిట్టా అన్నీ ఆయన తీరిగ్గా చదువుకుంటాడు. ఆయనకూ పొద్దుపోవాలి.

ఇవేవీ కుదరనప్పుడు బస్టాండు దగ్గర జిరాక్సు షాపుకు వెళ్లండి. అక్కడి కుర్రాడు ఆపిల్, శాంసంగ్ పంచాయితీ వినడు. ‘అన్నా, కాపీ చేసి వాట్సాప్ కొట్టు’ అంటాడు. లోకంలోని ఇంజనీర్లు ఇన్నేళ్లుగా తెమల్చలేనిది అక్కడ ఒక్క మాటతో తెమిలిపోతుంది. మీ నోట్సు వాళ్ల కంప్యూటర్లో తెరుచుకుంటుంది. మీ ముందు వచ్చినవాళ్ల ఆధార్లు, మార్కుల మెమోలు, పోడు పట్టాలు కూడా అక్కడే తెరిచి ఉంటాయి. చూపు తిప్పుకోవడం మర్యాద.

ప్రింటు తీయించండి. కాగితానికి ఈ ఊళ్లో మొహం వాచనక్కర్లేదు. వంతెన దాటితే సారపాకలో పేపరు మిల్లు 1979 నుంచి నడుస్తోంది, చుట్టుపక్కల రైతుల జామాయిల్, సుబాబుల్ దానికే పోతాయి. కాగితం మీద పెద్దమ్మ 70, కోడలు 55, బావ 90 నల్లగా, నిండుగా, ఏ పాస్‌వర్డూ అడక్కుండా కనబడతాయి. దాన్ని తీసుకెళ్లి గుమాస్తా బల్ల మీద పెట్టండి.

ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తాడు. ‘ఇప్పుడు టైమ్ లేదు గానీ, దీన్ని ఫొటో తీసి నా ఫోన్‌కు పెట్టు తమ్ముడూ, నోట్స్‌లో ఎక్కించుకుని సాయంత్రం ల్యాప్‌టాప్‌లో చూసుకుంటా’ అంటాడు.

ఆయన ఫోను ఏ కంపెనీదో అడక్కండి.