నూటికి నలభై సాధారణం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం, సర్వేకు ముందు అయిదేళ్లలో తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, అనగా పొత్తికడుపును, గర్భసంచిని కోసి బిడ్డను బయటికి తీసే శస్త్రచికిత్సలు, మిగిలిన 39.3 శాతాన్ని మాత్రం వైద్యులు, అధికారులు, అత్తగార్లు నేటికీ ఏకగ్రీవంగా 'నార్మల్ డెలివరీ' అనే పిలుస్తున్నారు. మెజారిటీ పోయిన తరువాత కూడా పదవిని ఇంత నిబ్బరంగా నిలబెట్టుకున్నది ఈ దేశంలో మరొకటి ఉందా అన్నది రాజనీతి శాస్త్రజ్ఞులు పరిశీలించదగిన విషయం. 'సాధారణ ప్రసవాల సంఖ్య పెంచాలి' అని సమీక్షా సమావేశాల్లో కలెక్టర్లు ఆదేశిస్తుంటారు. సాధారణమైనదాన్ని లక్ష్యాలు పెట్టి, నెలవారీ నివేదికలు తెప్పించుకుని పెంచవలసి రావడంలోని వింత ఆ సమావేశాల్లో ఎవరినీ ఇబ్బంది పెట్టినట్లు లేదు.

ఈ చిక్కుకు మూలం ఒకే మాట రెండు కొలువులు చేయడం. నలుగురికీ జరిగేదాన్ని సాధారణమనడం మొదటిది, ఇది లెక్కకు సంబంధించినది. జరగవలసిన తీరును సాధారణమనడం రెండోది, ఇది విలువకు సంబంధించినది. వైద్యంలో ఈ రెండూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని, సగటును ఆరోగ్యానికి ప్రమాణంగా చెలామణి చేయడం పొరపాటని ఫ్రెంచి తత్త్వవేత్త జార్జ్ కాంగీలెమ్ 1943లోనే తన వైద్య సిద్ధాంత వ్యాసంలో వాదించాడు. తెలుగు ప్రాంతాల్లో ఆయన గ్రంథం చదవకుండానే ఈ భేదాన్ని ఎవరికి అనుకూలమైన రీతిలో వారు వాడుకుంటున్నారు: ఆపరేషన్‌కు ఒప్పించవలసి వచ్చినప్పుడు 'ఈ రోజుల్లో అందరికీ ఇదే' అన్న మొదటి అర్థం పైకి వస్తుంది, బిల్లు కట్టి ఇంటికి చేరాక 'మా కాలంలో మేము కనలేదా' అన్న రెండో అర్థం ఎదురవుతుంది.

అదే సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో సిజేరియన్లు 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో ఆ అంకెలు వరుసగా 63, 26.6. క్లిష్టమైన కేసులను చివరి ఘడియలో సర్కారు పెద్దాసుపత్రికే తరలించే ఆనవాయితీ ఉండగా ఈ తేడా రావడాన్ని బట్టి, గర్భిణి కటివలయపు వెడల్పు ఆమె ఏ గేటులోంచి లోపలికి నడిచిందన్న దాన్ని అనుసరించి మారుతుందని ఊహించవలసి ఉంటుంది. ప్రసూతి శాస్త్రం ఈ ధర్మాన్ని ఇంకా గ్రంథస్థం చేయలేదు. సిజేరియన్ ప్రాణాలు నిలిపే చికిత్స అన్నది నిర్వివాదం, నాగాలాండ్‌లో అది 5.2 శాతమే ఉండటాన్ని అక్కడి తల్లుల భాగ్యంగా కూడా లెక్కించలేము. అయితే 10 నుంచి 15 శాతం దాటడానికి సమర్థన లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో 1985లో బ్రెజిల్‌లో సమావేశమైన నిపుణులు తేల్చినప్పుడు, ఉమ్మనీరు తగ్గడం, బొడ్డుతాడు మెడకు చుట్టుకోవడం అనే రెండు కారణాలు తెలుగు జిల్లాల్లో ఇంత విస్తారంగా పండుతాయని వారు ఊహించి ఉండరు.

నొప్పులు ఎంతసేపు ఉండటం సాధారణమన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చిన జవాబు చరిత్ర మరింత ఆసక్తికరం. న్యూయార్క్ వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ 1955లో తొలిచూలు స్త్రీలు 500 మందిలో గర్భాశయ ముఖద్వారం గంటగంటకు ఎంత తెరుచుకుంటున్నదో కొలిచి ఒక వక్రరేఖ గీశాడు. వారిలో అత్యధికులు మత్తుమందుల ప్రభావంలో ఉన్నవారే, పైగా సగం మేర కాన్పులు పటకార్లతో బిడ్డను లాగినవి. ఆ రేఖ నుంచి, దాని వెనుక వచ్చిన పట్టికల నుంచి, గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవడమే సాధారణమన్న కొలత ప్రపంచంలోని ప్రసవ గదులన్నింటికీ పాకి, అరవై ఏళ్లకు పైగా రాజ్యమేలింది. కొందరు స్త్రీల విషయంలో ఆ వేగం వాస్తవానికి దూరమని, అది అందలేదన్న ఒక్క కారణంతో కాన్పులో జోక్యం చేసుకోరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. ఆ అరవై ఏళ్లలో సెంటీమీటరుకు గంటన్నర తీసుకున్న పాపానికి 'ప్రసవం ముందుకు సాగడం లేదు' అని కేస్‌షీటుకెక్కిన స్త్రీలకు ఈ సవరణను ఎవరు తెలియజేస్తారన్నది వేరే సంగతి.

పంచాంగానిది ఇంకో కొలమానం. నొప్పులు వాటంతట అవి వస్తే బిడ్డ రాహుకాలంలోనో, మూలా నక్షత్రంలోనో పడే ప్రమాదం ఉన్నందున, సిద్ధాంతి గారు నిర్ణయించిన లగ్నానికి కత్తి పట్టే సౌకర్యాన్ని ఆధునిక వైద్యం కల్పించింది. జన్మకుండలి బిడ్డ తలరాతను తెలుపుతుందన్న పాత శాస్త్రం, కుండలిని ముందుగా ఎంచుకుని బిడ్డను దానికి సరిపెట్టే స్థాయికి ఎదిగింది. మొదటి కోత వెంట రెండోది తరుముకొస్తుందని ఎడ్విన్ క్రాగిన్ అనే అమెరికా వైద్యుడు 1916లో అన్నది మొదటి కోతకు తొందరపడవద్దన్న హెచ్చరికగానే అయినా, ఆచరణలో అది రెండో కాన్పు తేదీని నిశ్చింతగా ఖాయం చేసుకోవడానికి అనుమతిపత్రంగా మారింది.

ఇన్ని నిర్ణయాల్లో కాన్పు అయ్యే మనిషి పాలు స్వల్పం, అసాధారణమన్న ముద్ర మాత్రం కోత పెట్టినవారిపైనా ముహూర్తం పెట్టినవారిపైనా కాక కోత పడినదానిపైనే పడుతుంది. వారాల తరబడి కుట్ల సలుపుతో మంచం మీది నుంచి లేవలేని కోడలికి, నొప్పులు పడకుండా సుఖంగా కన్నదన్న పేరు అదనంగా దక్కుతుంది. మెజారిటీ వర్గానికి ఇటువంటి చిన్నచూపు దక్కడం కూడా మరెక్కడా కనిపించదు.

ఇటీవల మార్కెట్ ఈ వైరుధ్యాన్ని తనదైన పద్ధతిలో పరిష్కరిస్తోంది. మంత్రసాని పాత చీర ముక్కలతో, వేడినీళ్లతో ముగించిన పని, అప్పట్లో ఎందరో తల్లుల ప్రాణాలతో కలిపి ముగించిందన్నది మరువరానిదే అయినా, ఇప్పుడు హైదరాబాద్ వంటి నగరాల్లో శ్వాస సాధన తరగతులతో, గోరువెచ్చని నీటి తొట్టితో, మంద్రమైన సంగీతంతో కూడిన ప్రత్యేక ప్యాకేజీగా లభిస్తోంది. సాధారణంగా కనదలచినవారు నెలల ముందే పేరు నమోదు చేయించుకుని అడ్వాన్సు చెల్లించవలసి ఉంటుంది.