దగ్గు ఫైలు

మా వీధి డిప్యూటీ తాసీల్దారుగారు రిటైరై పన్నెండేళ్ళయినా ఆయన్ని ఎవరూ పేరు పెట్టి పిలవరు. డీటీగారు అంటే చాలు. ఉద్యోగంలో ఉండగా ఏ కాగితాన్నీ ఒక్క సంతకంతో వదిలినవారు కారట. వీఆర్వో రిపోర్టు, సర్వేయరు రిపోర్టు, హద్దుదార్ల అభ్యంతరాలు అన్నీ వచ్చాక కూడా 'మరల విచారించి పంపవలెను' అని రాసి వెనక్కి తిప్పేవారు. సంక్రాంతి వెళ్ళిన వారం ఆయనకి దగ్గు పట్టుకుంది. దాన్నీ అలాగే నడిపించారు.

పాలవాడు మిరియాల పాలన్నాడు. ఇస్త్రీ బండి ఆవిడ కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమంది. పార్కు బెంచీ మీద పక్కన కూర్చునే లెక్కల మాష్టారు ఇది దగ్గే కాదు, గ్యాస్ అన్నాడు. (కడుపులో పులుపు పైకి తన్నినా దగ్గు వస్తుంది కాబట్టి మాష్టారి లెక్క పూర్తిగా తప్పు కాదు. కాకపోతే ఆయనకి మోకాలి నొప్పి కూడా గ్యాసే.) మందుల షాపు కుర్రాడు "పొడి దగ్గా, కఫం దగ్గా?" అని అడిగి, జవాబు వినకుండానే ఓ సీసా చేతిలో పెట్టాడు. డల్లాస్ నుంచి కొడుకు "నాన్నా, స్కాన్ తీయించుకోండి" అన్నాడు. వెనక నుంచి కోడలు "మావయ్యగారూ, ముందు ఆ ఫ్యాన్ కింద పడుకోవడం మానండి" అంది. ఖర్చు లేనిది అదొక్కటే కాబట్టి డీటీగారు దాన్ని పట్టించుకోలేదు.

మిగతావన్నీ పాటించారు, అదీ ఒకేసారి. పెరట్లో అడ్డసరం ఆకు దంచి రసం తీయించారు. ఇంగ్లీషు సిరప్పుల్లో వేసే బ్రోమ్‌హెక్సిన్‌ను అడ్డసరంలో ఉండే వాసిసిన్ ఆధారంగానే తయారుచేశారని ఎవరో చదువుకున్న కుర్రాడు చెప్పాడు. అది నిజమే. అయితే ఆ నిజం ఆయన చెవిన పడకుండా ఉండాల్సింది. మర్నాటి నుంచి సిరప్పూ, ఆకురసమూ ఒకే గ్లాసులో కలిపి తాగడం మొదలుపెట్టారు. "తండ్రీ కొడుకులు ఒకచోట ఉంటే పని త్వరగా అవుతుంది" అన్నారు.

కొవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉండనే ఉంది. ఒకనాటి తెల్లవారుజామున చన్నీళ్ళతో మొహం కడుక్కుని, అదే తడి చేత్తో వేలు పెడితే 89 చూపించింది. ఇల్లంతా గగ్గోలు. చల్లబడ్డ వేలికి అది తప్పు చెప్పొచ్చని ఎదురింటి నర్సమ్మ వచ్చి, చెయ్యి రుద్ది మళ్ళీ పెట్టించింది. 97. డీటీగారు కళ్ళజోడు సవరించుకుని రెంటికీ సగటు తీసి, డైరీలో 93 అని నమోదు చేసుకున్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదనుకునేరు. ముగ్గురి దగ్గరికి వెళ్ళారు. అసలు విశేషం అక్కడే ఉంది. పార్కులో దగ్గు తీరు, జోరు, అది వచ్చే వేళ సహా వర్ణించగల మనిషి, డాక్టరు ఎదుట స్టూలు మీద కూర్చోగానే సాక్షి బోను ఎక్కినవాడిలా అయిపోయేవారు.

"ఏమిటండీ ఇబ్బంది?"

"ఏం లేదు. ఏదో కాస్త గరగర. మా ఆవిడ పోరు పడలేక వచ్చాను."

ఆ ఐదు నిమిషాలూ దగ్గు కూడా మర్యాద పాటించేది. బయటికొచ్చి ఆటో ఎక్కగానే మొదలయ్యేది. వేరే మందులేమైనా వాడుతున్నారా అంటే, ఆయన దృష్టిలో 'మందులు' అంటే దగ్గు మందులే కనుక, అవి తప్ప ఏమీ లేవనేవారు. అడిగినదానికే జవాబు, అడగనిది ఫైల్లో పెట్టకూడదు. ఒక డాక్టరు రాసినవి పొద్దున, ఇంకొకరు రాసినవి రాత్రి వేసుకుని ఇద్దరికీ న్యాయం చేశారు. యాంటీబయాటిక్ అయిదు రోజులు రాస్తే మూడు రోజులకే ఆపి, మిగిలిన రెండు బిళ్ళలూ భార్యకి జలుబు చేసినప్పుడు ఉదారంగా ఇచ్చేశారు.

మూడో డాక్టరు కఫం పరీక్ష చేయించమని చిన్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాడు. రెండు వారాలు దాటిన దగ్గుకి ఆ పరీక్ష తప్పనిసరి అనీ, ఉచితమనీ ప్రభుత్వాసుపత్రి గోడ మీదే రాసి ఉంటుంది. డీటీగారు ఆ గోడను చాలామందికి చదివి వినిపించారు కూడా. తన విషయంలో మాత్రం గడువు లెక్క వేరు. "మధ్యలో శివరాత్రి నాడు అసలు దగ్గలేదు. కాబట్టి రెండు వారాలు మళ్ళీ మొదట్నుంచి లెక్కించాలి." ఆ తర్వాత ఉగాది నాడూ దగ్గలేదు. డబ్బా వెళ్ళి దేవుడి పటం వెనకాల చేరింది.

నవ్వొస్తుంది గానీ, నాకు తోచిన సంగతి ఒకటుంది. ఆయన చిన్నప్పుడు వాళ్ళ పెదనాన్నని మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియంలో చేర్చారు. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదట, 'ఆ దగ్గు' అనేవారట. ఇప్పుడు ఆరునెలలు మందు మింగితే చాలావరకు నయమయ్యే జబ్బే అయినా, ఆ పేరు అనగలిగేవాడు ఊళ్ళో డాక్టరు ఒక్కడే. పాలవాడు అనడు, ఇస్త్రీ ఆవిడ అనదు. అందుకే వాళ్ళ సలహా అంత తియ్యగా ఉండేది.

మృగశిర కార్తెకి చేప మందు కోసం హైదరాబాదు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి కూడా వెళ్ళొచ్చారు. ఆ చేప మందు ఉబ్బసానికండీ అంటే, "దగ్గు దానికి తమ్ముడే కదా" అన్నారు. ఆయన శాకాహారి కనుక అక్కడివాళ్ళు మందును కొర్రమీను పిల్లకి బదులు బెల్లంలో పెట్టి ఇచ్చారు. పథ్యం మాత్రం పదకొండో రోజున కొత్తావకాయ జాడీ మూత తీయగానే తెగిపోయింది.

ఇక లాభం లేదని భార్యే పూనుకుంది. ఇంట్లో ఉన్న సీసాలు, చూర్ణాలు, బిళ్ళల అట్టలు అన్నీ కూరల సంచిలో వేసి, ఆయన్ని వెంటబెట్టుకుని ప్రభుత్వాసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ బల్ల మీద కుమ్మరించింది. ఆ పిల్ల ముందు కఫం పరీక్ష, ఎక్స్‌రే చేయించింది. రెండూ శుభ్రంగానే ఉన్నాయి. తర్వాత బల్ల మీది కుప్పలోంచి ఓ చిన్న అట్ట ఏరింది.

"తాతగారూ, ఈ రామిప్రిల్ ఎప్పట్నుంచి?"

"అది దగ్గుది కాదమ్మా, బీపీది. దసరా నుంచి."

చివర 'ప్రిల్' అని ఉండే బీపీ బిళ్ళల వల్ల కొందరికి పొడి దగ్గు వస్తుంది. మొదలుపెట్టిన నెలల తర్వాతా రావచ్చు. డాక్టరమ్మ దాన్ని మార్చి వేరే రకం రాసింది. మీ అంతట మీరు ఏ బీపీ బిళ్ళా ఆపకూడదని రెండుసార్లు చెప్పింది. దగ్గు వెంటనే పోలేదు, నెల్లాళ్ళు సణిగి సణిగి తగ్గింది. డీటీగారికి ఆనందం కంటే చిన్నతనమే ఎక్కువైంది. ఆరునెలలు నడిచిన ఫైలు ఒక్క వాక్యంతో మూతపడటం ఆయన సర్వీసులో ఎన్నడూ జరగలేదు.

మొన్న పార్కులో లెక్కల మాష్టారు దగ్గుతూ వచ్చాడు. డీటీగారు బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

"ఎన్నాళ్ళయిందేమిటి?"

"నెల పైమాటే అన్నగారూ. ఒళ్ళు కూడా తగ్గినట్టుంది. కఫం పరీక్షకి వెళ్ళనా?"

"అదంతా తర్వాత. బీపీ బిళ్ళ మార్పించు."

"నాకు బీపీ లేదండీ."

"చూపించుకున్నావా?"

"లేదు."

"చూపించుకోకుండా లేదని ఎలా తేల్చావయ్యా? పద, ముందు ఆ మందుల షాపు కుర్రాణ్ణి అడుగుదాం."